మోటారుసైకిలు పగ్గములు: వాని జీర్ణోద్ధరణము

జీర్ణోద్ధరణ మనగానే మనకు స్ఫురించునది దేవాలయము. గోపురము బీటలు వాఱినప్పుడు గ్రామపెద్దలు కూడి, శిల్పిని పిలిపించి, ఏ రాయి తీయవలయును, ఏ రాయి నిలుపవలయును అని చర్చింతురు. ఆ చర్చ జరుగని చోట శాసనము చెక్కిన రాయి మెట్టుగా మాఱిన సందర్భములు కలవు. అక్షరములపై సున్నము పూసి, గుడి క్రొత్తదైనదని సంతోషించినవారును కలరు. తరువాతి తరమువాడు ఆ శాసనమును చదువబోయిన నాడు వానికి మిగిలినది సున్నమే.

నేటి నా ప్రసంగమునకు విషయము దేవాలయము కాదు, పాత మోటారుసైకిలు. అందును యంత్రమంతయు కాదు. దానిని నడుపువాని రెండు చేతులకు అందుబాటులో నుండు చిన్న మీటలు, పిడులు, తీగలు మాత్రమే. ఇంత చిన్న వస్తువులకు చరిత్ర యేమి, జీర్ణోద్ధరణ యేమి అని పెద్దలు నవ్వవచ్చును. కాని ఎద్దుబండికి పగ్గమెట్లో, గుఱ్ఱమునకు కళ్లెమెట్లో ఈ యంత్రమునకు ఆ మీటలట్లు. కళ్లెమును చూచి గుఱ్ఱపు స్వభావము చెప్పగలవారు మన పల్లెలలో నుండెడివారు. అట్లే ఈ మీటలను చూచి ఆ యంత్రమేకాలపుదో, దానిని నడిపినవాడెంత శ్రమపడెనో, ఆనాడు లోకమేస్థితిలో నుండెనో చెప్పవచ్చును.

మొదటి సంగతి. పెట్రోలుతో నడచు ఇంజనును రెండు చక్రముల బండికి అమర్చి 1885వ సంవత్సరమున జర్మనీలో నడిపించినవారు గాట్లీబ్ డైమ్లరు, విల్హెల్ము మైబాకు అను నిద్దఱు. ఆ తరువాత పదునైదిరువది యేండ్ల పాటు, ఇంజనును అదుపు చేయుటకు ఇనుప కడ్డీలను, వంకర మీటలను వాడుచుండిరి. పెట్రోలు తొట్టి ప్రక్కన కొన్ని మీటలుండును. వానిని త్రిప్పవలెనన్న ఒక చేయి విడువవలయును. ఎగుడుదిగుడు బాటపై ఒంటిచేతితో బండిని నిలుపుట యెంత కష్టమో, ఏటిగట్టుపై సైకిలు త్రొక్కిన ప్రతివానికిని తెలియును.

మీటలను చేతికఱ్ఱ మీదికి తెచ్చుటకు అడ్డమైనది ఒక్కటే. చేతికఱ్ఱ ఇటునటు తిరుగును, కడ్డీ తిరుగదు. ఈ చిక్కును విప్పినది ఒక తీగ. ఐర్లాండు దేశస్థుడు ఎర్నెస్టు మానింగ్టన్ బౌడెన్ అనునతడు 1896లో దానికి పేటెంటు పొందెను. దాని యేర్పాటు మిక్కిలి సులభమైనది. సన్నని ఉక్కుపోగులను పేనిన తీగ లోపల నుండును. దానిపై స్ప్రింగువలె చుట్టలు చుట్టిన ఒఱ యుండును. ఒఱ రెండు కొనలును కదలకుండ బిగింపబడును. ఇచ్చట మీటను లాగినచో లోపలి తీగ జరిగి, అచ్చట పనిచేయును. దారిలో అది ఎన్ని వంకలు తిరిగినను లాగుడు చేరవలసిన చోటికి చేరును. మొదట సైకిలు బ్రేకులకు వాడిన ఈ తీగయే మోటారుసైకిలు మీటలన్నిటిని నడుపువాని గుప్పిటిలోనికి తెచ్చెను. నేటికిని ఆ తీగను బౌడెన్ తీగయనియే వ్యవహరింతురు.

ఇక ఆ మీటలు చేయు పనులను చెప్పెదను. ఇవి తెలియనిదే జీర్ణోద్ధరణలోని బాధ్యత తెలియదు. ఆ కాలపు కార్బురేటరు తనంతట గాలిని పెట్రోలును తగుపాళ్లలో కలుపుకొనలేదు. కనుక కుడిచేతి వైపున రెండు మీటలుండెడివి: ఒకటి ఇంజనునకు పోవు మిశ్రమమును హెచ్చించి తగ్గించునది, రెండవది గాలిని హెచ్చించి తగ్గించునది. ఎత్తు ఎక్కునప్పు డొకవిధముగను, పల్లమున దిగునప్పుడు వేఱొక విధముగను వానిని సవరించుచుండవలయును. వంట చేయు ఇల్లాలు మంటను చూచుకొనుచు పొయ్యిలో పుడక నెగద్రోయుట, వెనుకకు లాగుట వంటిది ఆ పని.

ఎడమచేతి వైపున సామాన్యముగా మఱి రెండు మీటలు. ఒకటి నిప్పురవ్వ పుట్టు సమయమును ముందునకు వెనుకకు జరుపునది. సిలిండరులో పిస్టను పైకి వచ్చుచుండగా మాగ్నెటో అను పరికరము రవ్వను పుట్టించును. ఇంజను వేగముగా తిరుగుచున్నప్పుడు రవ్వ కొంచెము ముందుగా పుట్టవలయును. మెల్లగా తిరుగునప్పుడు ఆలస్యముగా పుట్టవలయును. రెండవది పొగ వెడలు కవాటమును ఎత్తిపట్టి, సిలిండరులోని బిగువును సడలించు మీట. ఇంజనును ఆపుటకును, మొదట కాలితో త్రిప్పునప్పుడు తేలిక చేయుటకును అది పనికివచ్చును.

మొదటి ప్రపంచయుద్ధమున 1915 నుండి మిత్రరాజ్యముల సేనలకు ట్రయంఫు కంపెనీవారు మోడల్ హెచ్ అను 550 ఘనసెంటీమీటర్ల యంత్రములను ముప్పదివేలకు పైగా సరఫరా చేసిరి. వార్తలు మోయు సిపాయిలు వానిపై బురదబాటలలో తిరిగిరి. ఒకచేత కాగితముల సంచి సర్దుకొనుచు, మఱొకచేత ఈ మీటలను సవరించుకొనుచు పోయిన యువకుల వ్రేళ్ల గుర్తులే ఆ నాటి మీటల అరుగుదల. అరిగిన గడపను చూచినప్పుడు మనకు తాతముత్తాతలు గుర్తునకు వచ్చునట్లే, అరిగిన మీట వారిని గుర్తు చేయును.

రెండవ ప్రపంచయుద్ధకాలపు బి.ఎస్.ఏ. ఎం-20 అను యంత్రమున మఱొక చరిత్ర కలదు. 1937లో వెలువడిన ఈ యంత్రమును బర్మింగుహాము నగరపు కర్మాగారము యుద్ధమునకై సుమారు 1,26,000 వఱకు తయారుచేసెను. అప్పటికి మిశ్రమపు మీట పోయి, కుడిచేతి పిడినే మెలిద్రిప్పు పద్ధతి వచ్చినది. గాలిమీట, రవ్వమీట, కవాటపుమీట మాత్రము నిలిచియుండెను. 1942 ఫిబ్రవరి నాటికి మలయా, సింగపూరు జపాను వశమయ్యెను. లోకమునకు రబ్బరు నిచ్చు తోటలలో పెద్దభాగము శత్రువు చేతికి పోయెను. బ్రిటనులో రబ్బరునకు కటకట యేర్పడెను. ఆ కారణముచేత సైన్యపు మోటారుసైకిళ్ల చేతిపిడులకు రబ్బరు మాని కాన్వాసు గుడ్డను తొడిగిరి.

ఆ మలయా తోటలు మనకు పరాయివి కావు. మన తెలుగు జిల్లాలనుండి ఎందఱో కూలీలు సముద్రము దాటి ఆ తోటలలో పని చేసిరి. వారి సంతతివారు నేటికిని అచ్చట నున్నారు. వారు గీసిన చెట్లపాలు రాకపోవుటచేత ఎక్కడనో బర్మింగుహాములో ఒక చేతిపిడికి గుడ్డ చుట్టవలసివచ్చినది. ఆ కాలపు ఎం-20 యంత్రమునకు నేడు మెఱయు నల్లని రబ్బరుపిడులు తొడిగినవాడు దానిని బాగుచేసితిననియే యనుకొనును. కాని యుద్ధము, సముద్రము, కూలీల చెమట అను మూడింటిని చెప్పుచున్న సాక్షిని అతడు ఎఱుగకయే పంపివేసినాడు.

దేశదేశమునకు మీటల వరుస మాఱుననుటయు గమనింపదగినది. అమెరికాలో 1901లో స్ప్రింగుఫీల్డు నగరమున జార్జి హెండీ స్థాపించిన ఇండియన్ కంపెనీవారి యంత్రములలో చాలవాటికి ఇంజనువేగము హెచ్చించు పిడి ఎడమచేతి క్రింద నుండెను. వారితో పోటీపడిన హార్లీ డేవిడ్సన్ యంత్రములకు ఆ పిడి కుడిచేతి క్రింద నుండి, ఎడమచేతి పిడి రవ్వసమయమును మార్చుచుండెను. ఇంగ్లండులో పనులు వేఱువేఱు మీటలకు పంచబడెను. కనుక ఒక దేశపు యంత్రమునకు మఱొక దేశపు మీటలు తగిలించినచో, తాటియాకు గ్రంథమున ఒక కవి పద్యము నడుమ మఱొక కవి పాదము చేర్చినట్లగును. చదువరి మోసపోవును.

ఇది కేవలము చదువరి మోసపోవుటతో ముగియదు. యుద్ధానంతరము అమ్మివేయబడిన యంత్రమొకటి మూడు చేతులు మాఱినదనుకొనుడు. మొదటి యజమానికి రవ్వమీట తీగ తెగినది. దానికి బదులు దొరకక, మీటను తీసివైచి రవ్వసమయమును ముందువైపున బిగించివేసినాడు. రెండవ యజమాని కవాటపుమీట యెందులకో తెలియక దానిని విప్పివేసినాడు. మూడవవాడు యువకుడు; ముచ్చటపడి కొనినాడు. కాలితో స్టార్టు చేయబోయినాడు. రవ్వ ముందుగా పుట్టినది. పిస్టను పైకి చేరకముందే మంట దానిని వెనుకకు నెట్టినది. త్రొక్కిన కడ్డీ వచ్చిన బలముతో ఎదురుతన్నినది. ఇట్టి ఎదురుతన్నుచేత చీలమండలు బెణుకుట, ఎముకలు విఱుగుట కలదు. మూలమీటలు స్వస్థానములలో నున్నచో అతడు రవ్వను వెనుకకు జరిపి, కవాటము నెత్తి, పిస్టనును తగుచోటికి తెచ్చి, మీట విడిచి, అప్పుడు త్రొక్కియుండును. పూర్వులు ఆ మీటలను అలంకారమునకై పెట్టలేదు.

కనుక మూలమీటలను మరల నెలకొల్పుట యెట్లు? మొదటి పని సాక్ష్యము సేకరించుట. దేనినైనను విప్పుటకు ముందు అన్నివైపుల నుండి ఛాయాచిత్రములు తీయవలయును. తరువాత చట్రము సంఖ్యను, ఇంజను సంఖ్యను చూచి సంవత్సరము నిర్ణయించుకొనవలయును. ఆ సంవత్సరమునకు కర్మాగారమువారు ప్రకటించిన విడిభాగముల పట్టికలు అనేక యంత్రములకు దొరకును. వానిలో ప్రతి మీటకును బొమ్మయు సంఖ్యయు నుండును. పిమ్మట చేతికఱ్ఱనే ప్రశ్నింపవలయును. పాత బిగింపు ఉన్నచోట పూత అరుగక వలయమువలె మిగిలియుండును. తీగ దూర్చిన రంధ్రము తరువాతి రంగు క్రింద దాగియుండును. ఆ చేతికఱ్ఱ లావునుకూడ కొలువవలయును. కొన్ని యంత్రములకు అంగుళములో ఎనిమిదింట ఏడువంతులు, కొన్నిటికి సరిగా అంగుళము. ఒకదాని మీట మఱొకదానికి పట్టదు. పట్టించుటకు రేకు చుట్టినచో బ్రేకు పట్టు సమయమున మీట గిఱ్ఱున తిరిగిపోవును.

పాఠాంతరములున్న గ్రంథమును పరిష్కరించు పండితుడు ప్రతులన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టుకొనును. తనకు నచ్చిన మాటను చొప్పింపడు. ఇచ్చటను అదియే ధర్మము. పట్టిక యొకటి చెప్పి, యంత్రముపైని గుర్తు మఱొకటి చెప్పినచో తొందరపడరాదు. కొనుగోలుదారు కోరినచో కొన్ని కర్మాగారములు వేఱు మీటలనిచ్చెడివి. సైన్యమువారును మరమ్మతు శాలలో చేతికందిన మీటను తగిలించెడివారు. అట్టి మార్పు కూడ ఆ యంత్రపు జీవితములోని భాగమే.

రెండవ పని విప్పుట. దీనికి ఓర్పు కావలయును. తుప్పుపట్టిన మరమేకునకు నూనె పోసి ఒకటి రెండు దినములు విడువవలయును. అవసరమైన కొంచెము వేడి చూపవలయును. సుత్తెదెబ్బకు పోతమీట గాజువలె పగులును. పాత ఇంగ్లీషు సైకిలు, మోటారుసైకిలు మరలకు ప్రత్యేకమైన చుట్టు కలదు. సామాన్యముగా అంగుళమునకు 26 చుట్లు, చుట్టు కోణము 60 అంశములు. 1841లో విట్వర్తు అను ఇంజనీరు ప్రతిపాదించిన మరలకో కోణము 55 అంశములు. నేడు అంగడిలో దొరకు మిల్లీమీటరు మరమేకును ఈ రంధ్రములలో బలవంతముగా త్రిప్పినచో, ఎనుబది తొంబదియేండ్లు నిలిచిన చుట్లు ఒక్క నిమిషమున నశించును. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినదను సామెత ఇచ్చట సార్థకమగును.

మూడవది లోహమును శుభ్రపఱచుట. 1920ల చివరి వఱకు ఈ మీటలకు నికెలు పూత పూయుచుండిరి. తరువాత క్రోమియము పూత వ్యాపించెను. నికెలు వెన్నెలలో పసుపు కలిసినట్లు మెత్తని కాంతి నిచ్చును. క్రోమియము నీలిచ్ఛాయతో అద్దమువలె మెఱయును. 1920వ సంవత్సరపు మీటకు క్రోమియము పూయించుట ముత్తవ తైలవర్ణ చిత్రమునకు నేటి నగలు చిత్రించుట వంటిది. అంతకంటె పెద్ద ప్రమాదమొకటి కలదు. పూతకు ముందు లోహమును సానపట్టుదురు. ఆ సానలో మీటపై అచ్చువేసిన అక్షరములు మాసిపోవును. ఆమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్సు అను మూడు సంస్థలు 1927లో కలిసి ఆమల్ అయ్యెను. మీటపై ఏ పేరున్నదనుటయే దాని వయస్సునకు తార్కాణము. ఆ పేరు పోయినచో శాసనముపై సున్నము పడినట్లే. పూత సగము మిగిలియున్నచో, తుప్పు తీసి, పలుచగా నూనె పూసి, అట్లే యుంచుట మేలు. ఇరుసు రంధ్రము వదులైనచో రంధ్రమును సమముగా తొలిచి సన్నని కంచుగొట్టమును దిగవేయవచ్చును. ఆ గొట్టము లోపల నుండును. పూర్వుల మీట పూర్వుల మీటగనే యుండును.

నాల్గవది తీగ. ఇంతవఱకు పాతదానిని నిలుపుడని చెప్పితిని. ఇప్పుడు దానికి విరుద్ధముగా తోచు మాట చెప్పవలసియున్నది. తీగ మాత్రము పాతది ఉంచరాదు. బ్రేకుతీగలో ఒక్కపోగు తెగినను మిగిలిన పోగులపై భారము పడును. అవి ఒఱ లోపల మనకు కనబడకుండ తెగుచుండును. కడపటి పోగు తెగునది బ్రేకు గట్టిగా పట్టిన క్షణముననే. అప్పుడు ఎదుట పసిబిడ్డయే యుండవచ్చును.

క్రొత్తతీగను కోయుటకు ముందు చేతికఱ్ఱను కుడివైపు పూర్తిగాను, ఎడమవైపు పూర్తిగాను త్రిప్పి పొడవు చూచుకొనవలయును. ఒఱ కుఱుచైనచో మలుపు తిరుగునప్పుడు తీగ బిగిసి, ఇంజను తనంతట వేగము పుంజుకొనును. తీగకొనకు అమర్చు చిన్న లోహపుబిళ్లలో పోగులను పువ్వువలె విడదీసి, శుభ్రముచేసి, సీసము తగరము కలిసిన టంకమును నిండుగా పాఱనీయవలయును. వేడి హెచ్చినచో ఉక్కు బలము తగ్గును. తక్కువైనచో టంకము పైపైన అంటుకొని ఊడివచ్చును. ఈ పని చేతకానివాడు చేతనైనవానిని ఆశ్రయించుట సిగ్గు కాదు. బండి నిలిచియుండగా మీటను శక్తికొలది పలుమార్లు లాగి పరీక్షించిన తరువాతనే దానిపై నెక్కవలయును. రవ్వమీటను బిగించునప్పుడు మఱొక జాగ్రత్త. కొన్ని మాగ్నెటోలలో తీగ బిగిసినప్పుడు రవ్వ ముందునకు జరుగును. కొన్నిటిలో సడలినప్పుడు జరుగును. ఇది సరిచూడక బిగించినచో మీట అబద్ధమాడును. ఫలితము కాలికి తెలియును.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చితిని. జీర్ణోద్ధరణలో ఏది నిలుపవలయును, ఏది మార్చవలయును అను ప్రశ్నకు ఈ చిన్న మీట యొక చక్కని సమాధానము చెప్పుచున్నది. ఇతరుల ప్రాణము దేనిపై ఆధారపడియున్నదో దానిని నిర్దాక్షిణ్యముగా క్రొత్తది చేయవలయును. పూర్వుల చేతిపని, బుద్ధి, కష్టము దేనిపై వ్రాయబడియున్నవో దానిని సాధ్యమైనంత వఱకు తాకకుండ నిలుపవలయును. దేవాలయమునకైనను ఇదియే సూత్రము కాదా? కూలనున్న దూలమును మార్చక తప్పదు, శాసనమును చెఱుపరాదు. మార్చినదానిని మార్చితిమని వ్రాసియుంచుటయు ధర్మమే. ఏ భాగము మూలము, ఏ భాగము నేటిది అని ఒక కాగితముపై వ్రాసి యంత్రముతో నుంచినచో రాబోవువాడు మోసపోడు. విప్పిన పాత భాగములను పారవేయక ఒక పెట్టెలో పెట్టి అప్పగించినచో మఱియు మంచిది.

మన ప్రాంతమున ఈ విషయము దూరపుమాట కాదు. 1955లో ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు వారును మద్రాసు మోటార్సు వారును కలిసి మద్రాసులో బుల్లెట్టు యంత్రముల నిర్మాణమునకు పూనుకొనిరి. ఇంగ్లండులో ఆ సంస్థ అంతరించినను ఇచ్చట నిర్మాణము సాగుచునే వచ్చినది. ఆ పాత బుల్లెట్లకు ఎడమచేతి వైపున చిన్న మీట యొకటి యుండెను. సిలిండరులోని బిగువును సడలించి, స్టార్టు చేయుట తేలిక చేయునది అది. తొలినాటి యంత్రముల కవాటపుమీట చేసిన పనియే చేయుటచేత దానిని ఆ వంశపుదనియే చెప్పవచ్చును. పెద్దలలో కొందఱి యింటి పంచలో అట్టి బండి యొకటి దుమ్ముపట్టి యుండవచ్చును. మనుమడు దానిని బాగుచేయింతునని ముందునకు వచ్చినచో సంతోషింపుడు. కాని ఆ మీటను, ఆ పిడిని అతడు పాతయినుము కొనువాని తట్టలో వేయకముందు ఒక్కమాట అడుగుడు: "నాయనా, అది యెందులకున్నదో తెలిసికొంటివా?"

అతడు తెలిసికొనిన పిదప తీసిన తీయనిండు. తెలియక తీయుటయే నష్టము. ఆ ప్రశ్న అడుగుటకు ఇంజనీరింగు చదువక్కఱలేదు, పెద్దఱికము చాలును.